అమ్మ పెట్టుకున్న సలువద్దాలు

మా ఊళ్లో ఒకప్పుడు ఎవరి పెళ్లి ఆల్బం తెరిచినా పెళ్లికొడుకు ముఖం మీద ఒకే జత నల్లద్దాలు ఉండేవి. పెళ్లికొడుకులు మారేవారు, అద్దాలు మారేవి కావు. అవి మా నాయినవి.

పెళ్లికి ముందు నాయిన బొంబాయిలో మట్టిపనికి వెళ్లి, వచ్చేటప్పుడు కొనుక్కొచ్చుకున్నాడు. తేనెరంగు మందపాటి ఫ్రేము, పెద్ద పెద్ద ఆకుపచ్చ అద్దాలు. మా మహబూబ్‌నగర్ పల్లెల్లో వాటిని సలువద్దాలంటారు. అవి లేకుండా పెళ్లికొడుకు రాత్రి బరాత్ ఊరేగింపుకి బయలుదేరితే ఆ ఇంటికే నామోషీ. చీకట్లో నల్లద్దాలేమిటని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. దారి కనపడక డప్పుల వాళ్ల మీద పడ్డ పెళ్లికొడుకులను నా కళ్లతో చూశాను.

అద్దాలు అడిగి తీసుకుపోయినవాళ్లు పదహారు రోజుల పండుగ కాగానే రెండు ఎండు కొబ్బరి కుడుకలు, ఒక రవిక బట్ట పెట్టి తెచ్చి ఇవ్వాలి. ఎవరు పెట్టారో ఆ నియమం. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో కుడుకల వాసన వస్తే అద్దాలు తిరిగొచ్చాయని లెక్క. అమ్మ వాటిని కుంకుడు నురుగులో కడిగి, కొంగుతో తుడిచి, రేకు డబ్బాలో దాచేది. నేను కుడుక ముక్క నములుతూ పక్కనే కూర్చునేదాన్ని. ఆ తీపి ఇప్పటికీ నా నోట్లో ఉంది. ఒకసారి నాయిన వాటిని నాకు పెట్టి, భుజం మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. మండుటెండలో ఊరు ఊరంతా వాన కురిసినట్టు పచ్చగా కనిపించింది. ఆ రోజంత గొప్పగా నేను మళ్లీ ఎప్పుడూ బతకలేదు.

నాకు పదేళ్లప్పుడు ఆ అద్దాలు పోయాయి. నాయినకు చిన్నాన్న కొడుకు ఒకాయన ఉండేవాడు, నేను కాకా అని పిలిచేదాన్ని. ఆయన పెళ్లికి తీసుకుపోయారు. పండుగ అయ్యాక నాయిన అడిగితే అమ్మ “ఇంక రాలే” అంది. కాకా ఇచ్చానంటాడు, నాయిన రాలేదంటాడు. మాటా మాటా పెరిగింది. కాకా ఊరొదిలి అచ్చంపేటలో చాయ్ హోటల్ పెట్టుకున్నాడు. నాయిన చచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలానికి నాయిన పోయి మూడేళ్లయింది. నేను నల్గొండలో బస్సు కండక్టర్ని. ముందుకు జరగండి, ముందుకు జరగండి అని పొద్దున్నుంచీ అరిచే ఉద్యోగం కదా, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అమ్మ ఊళ్లో ఒక్కతే మేకలు కాసుకుంటోంది. అంతకు రెండేళ్ల ముందు ఆమె ఎడమ కంటికి పొర తీశారు. మూడో రోజే మేకల వెంట దుమ్ములోకి పోయింది. కన్ను చీము పట్టి పోయింది. ఇప్పుడు కుడి కన్నుకూ ఆపరేషన్ అయింది.

“ఉన్నది ఒక్క కన్ను. నలభై రోజులు నల్లద్దాలు లేకుండ గడప దాటొద్దు” అని డాక్టరమ్మ అమ్మకు కాదు, నాకు చెప్పింది. ఆ కన్ను కూడా పోతే అమ్మ ముద్ద కూడా తడుముకుని తినాలి.

అమ్మ మాత్రం దవాఖానలో ఇచ్చిన అద్దాలను పెట్టెలో వేసి మూత పెట్టేసింది.

“మొగడు పోయినదాన్ని. సలువద్దాలు పెట్టుకొని తిరిగితె ఊరోళ్లు నగరా?”

“నగితె నగనీయే! కన్ను పోతె వాళ్లిస్తరా?”

చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఏడ్చాను కూడా. చివరికి అమ్మ విసుగొచ్చి అంది: “పెట్టుకుంటె మీ నాయినయే పెట్టుకుంట. తెస్తవా? తేపో.”

తాడెత్తున లేచాను. మేకలను పక్కింటి వదినకు అప్పజెప్పి, “రెండు దినాలు నువ్వు బయటికి పోతివో నా మీద ఒట్టే” అని అమ్మ చేత ఒట్టు వేయించుకుని అచ్చంపేట బస్సెక్కాను.

కాకా జుట్టంతా నెరిసిపోయింది. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. బెంచీ తుడిచి, గ్లాసు నిండా చాయ్ తెచ్చి పెట్టాడు.

“ఎన్నేండ్లకొచ్చినవ్ బిడ్డా! అమ్మ మంచిగున్నదా?”

“చాయ్ తాగనీకె రాలే కాకా. మా నాయిన అద్దాలు ఇయ్యి.”

ఆయన ముఖం వాడిపోయింది. “దేవుని తోడు బిడ్డా. పదారు రోజుల పండుగ తెల్లారే మీ అమ్మ చేతిల పెట్టిన. కుడుకలు గుడ పెట్టిన.”

“అంటె మా అమ్మ అబద్ధమాడిందా?”

ఆయన తల దించుకుని, తుడిచిన బెంచీనే మళ్లీ తుడవసాగాడు. హోటల్లో నలుగురైదుగురు చూస్తున్నారు. నేను ఆగానా? లేదు. “నీ అసొంటి దొంగ చేతి చాయ్ నాకొద్దు” అనేసి, నిండు గ్లాసు అట్లాగే వదిలి వచ్చేశాను.

ఒట్టి చేతులతో అమ్మ దగ్గరికి ఎట్లా పోవాలి? నల్గొండ వచ్చి, గడియారం స్తంభం దగ్గర వరుసగా ఉన్న కళ్లజోళ్ల దుకాణాలన్నీ ఎక్కి దిగాను. నాయిన అద్దాలతో దిగిన ఫోటో నా చేతి సంచిలో ఎప్పుడూ ఉండేది. నాలుగో దుకాణంలో ముసలి సాయబు ఆ ఫోటోను దీపం కిందికి జరిపి చూసి నవ్వాడు.

“గిదా అమ్మా? నా చిన్నప్పటి మోడల్. నడుమ ఎవ్వడు అడగలే. ఇప్పుడు కాలేజీ పోరగాళ్లకు గివే గావాలె. పాతది మళ్ల ఫ్యాషన్ అయింది.”

“చాచా, అచ్చం గిట్లనే ఉండాలె. జర మంచిగ చూడు.”

ఆయన మూడు డబ్బాలు వెతికి ఒక జత తీశాడు. తేనెరంగు ఫ్రేము, ఆకుపచ్చ అద్దాలు. నేనే పెట్టుకుని వీధిలోకి చూశాను. గడియారం, ఆటోలు, మామిడిపండ్ల బండి అన్నీ పచ్చగా అయిపోయాయి. దుకాణం మెట్ల మీదే కళ్లనిండా నీళ్లొచ్చాయి. అద్దాలున్నాయి కాబట్టి ఎవరికీ కనపడలేదు.

కానీ అవి తళతళలాడుతున్నాయి. కొత్తవని తెలిస్తే అమ్మ పెట్టుకోదు. నల్గొండలో నేనుండే ఇంటి ముందు బండ మీద ఫ్రేము కొసలు అరగదీశాను. అద్దం మీద గీత పడకుండా వేళ్లు అడ్డం పెట్టాను. కొంచెం పాతబడాలని మరునాటి డ్యూటీలో నేనే పెట్టుకున్నాను. వెనక సీటు కుర్రాళ్లు “మేడం, షూటింగు ఏడ?” అని ఒకటే అరుపులు. “నీ అత్తగారింట్ల! దిగుతవా, దించాల్నా?” అన్నాను. బస్సంతా గొల్లుమంది.

మూడో రోజు ఊరికి పోయి అమ్మ చేతిలో పెట్టాను. “కాకా ఇచ్చిండు. పెట్టెల అడుగున ఉన్నయంట” అని కళ్లార్పకుండా అబద్ధమాడాను. అమ్మ వాటిని తడిమింది, విప్పింది, మడిచింది. ఒక్క ప్రశ్న అడగలేదు. లేచి గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడి పెట్టుకుంది. చాలాసేపు చూసుకుంది. కొంగు సవరించుకుని, కర్ర తీసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో మేకల ముందు నడిచింది.

“ఏందత్తా, సిన్మల యాక్టింగ్ చేయనీకె పోతున్నవా?” అని రచ్చకట్ట మీది వాళ్లు కేకేశారు.

“అవురా, నీకు గుడ ఒక ఏషం ఇప్పిస్త, రా!” అంది అమ్మ ఆగకుండానే.

నలభై రోజులు నిద్రలో తప్ప తీయలేదు. డాక్టరమ్మ పరీక్ష చేసి కన్ను దక్కిందని చెప్పింది. తిరుగు ప్రయాణంలో అమ్మ కిటికీ పక్కన కూర్చుని గుట్ట మీది మేకల్లో ఏది చూలుదో కూడా చెబుతుంటే నేను అమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ వారమే పక్కింటి వదిన రెండు కుడుకలు ముందుగానే పట్టుకుని వచ్చింది. ఆమె కొడుకు పెళ్లట. “సలువద్దాలు మళ్ల ఒచ్చినయి గద అత్తా, బరాత్‌కు ఇయ్యి” అని అడిగింది. నాయిన కాలం తిరిగొచ్చినట్టు నాకు సంబరమేసింది. తీసుకురావడానికి లేచాను కూడా.

“ఇయ్య” అంది అమ్మ. “గవి నావి.”

వదిన ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. నాకు తల తీసేసినట్టయింది. “నాయిన ఎవ్వలకన్న లేదన్నడా? నాయిన అద్దాలు ఊరందరియి!” అని అమ్మ మీదికి లేచాను.

“మీ నాయినయి బాయిల ఉన్నయి” అంది అమ్మ. “మీ కాక తెచ్చిచ్చిన నాడే నేను ఇసిరికొట్టిన.”

నేను బావి వైపు తల తిప్పాను. అమ్మ మేకపిల్ల గొంతు కింద గోకుతూ, దాని ముఖం చూస్తూ చెప్పింది.

“పెండ్లయిన కొత్తల పాలమూరుకు ఫోటో దిగనీకె పోయినం. ఒక్కసారి నాకు పెట్టు, నేను గుడ దిగుత అన్న. ఆడిదానివి నీకెందుకే అని ఫోటో తీసెటోని ముంగట పకపక నవ్విండు. అటెంక ఎంతమంది మొగోళ్లకు తుడిచి ఇచ్చిన్నో నాకే ఎరుక లేదు. మీ కాక తెచ్చిచ్చిన నాడు కడుగుతాంటె చేతులు మొరాయించినయి. పోయి బాయిలేసిన.”

“అన్నదమ్ములు మాట్లాడుకోలేదు గదనే! నేను కాకాను నలుగుర్ల దొంగ అంటి!”

“నా తప్పే. చెప్దామనుకున్నప్పుడల్ల నోరు పెగల్లే. రేపు నన్ను అచ్చంపేటకు తోలుకపో. నేనే చెప్పుకుంట.”

నాయిన మీద మొదటిసారి కోపమొచ్చింది. అమ్మ మీద ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. నా మీద నాకు సిగ్గేసింది. నేనూ ఆ అద్దాలు పెట్టుకుని ఊరేగినదాన్నే. నువ్వూ ఒకసారి పెట్టుకోవే అని అమ్మతో ఎన్నడూ అనలేదు.

“మరి కొత్తయని ఎరుకుండి ఎందుకు పెట్టుకున్నవే? నాయినయే గావాలంటివి గదా” అని అడిగాను.

“అవి దొరకయని నాకెరుకనే గద బిడ్డా, అందుకే అడిగిన” అంది అమ్మ. అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. “గివి నాకోసం తెచ్చినయి.”