కొలిస్తే స్టార్టయ్యే లారీ

నాకు కోపం ముందు వస్తుంది, బుద్ధి దాని వెనక తీరిగ్గా వస్తుంది. మా డ్రైవర్ విషయంలో అది రావడానికి నెల పట్టింది. అందుకు ఆయనకు చెప్పాల్సినంత క్షమాపణ నేనెప్పుడూ చెప్పలేదు, కనీసం ఇక్కడైనా రాసుకుంటున్నాను.

మాకున్నది ఒక్కటే పాత లారీ. వరంగల్ కొత్తవాడ నుంచి జంపఖానాలు, మార్కెట్ నుంచి కిరాణా సరుకు ఏటూరునాగారం దాకా మోస్తుంది. ఆ నెలలో దానికి కొత్త రోగం పట్టుకుంది. వరంగల్‌లో బయల్దేరేటప్పుడు బాగానే ఉంటుంది. ములుగు దాటిందంటే చాలు, దమ్ము అందనట్టు గుంజి గుంజి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గాని ఇంజను అందుకోదు. ఓ అరగంటకు ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చాడు, పైపుల్లో గాలి తీశాడు, పంపు విప్పి బాగు చేయించుకొచ్చాడు. షెడ్డులో ఉన్నంతసేపు మాత్రం ఆ లారీ కొత్త కోడలంత బుద్ధిగా ఉండేది.

డ్రైవర్ నాకంటే పదేళ్లు పెద్ద. మా నాన్న ఉన్నప్పటి నుంచి ఆ స్టీరింగ్ ఆయనదే. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సేటూ అంటాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. బజార్లో ఎవరో "మీవోడు డీజిల్ తీసి అమ్ముకుంటాండేమో, జర సూస్కో" అన్నారు. నేను చూసుకోలేదు, నేరుగా నమ్మేశాను. "ఆగిన ప్రతిసారి టాంకు మూత తీసి, పుల్ల ముంచి కొలిచి, ఫోటో పెట్టు" అని హుకుం జారీ చేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచి నా ఫోన్ నిండా తడి పుల్లల ఫోటోలే.

అయినా లారీ ఆగడం మానలేదు. ఏటూరునాగారం దుకాణదారు ఇంకో బండి చూసుకుంటానన్నాడు. ఆ శుక్రవారం పొద్దున నేను కూడా క్యాబిన్‌లోకి ఎక్కాను. అమ్మ ప్రతి శుక్రవారంలాగే లారీకి పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి పంపింది. ఊరు దాటగానే నేను కక్కేశాను. "ఇదే నీ లాస్ట్ ట్రిప్పు. రేపటి నుంచి రావద్దు." ఆయన తల ఊపి గేరు మార్చాడు.

ములుగు దాటాక అడవి మొదలయ్యే చోట లారీ ఆగింది. ఆయన పుల్ల తీసుకుని దిగాడు, మూత తీశాడు, కొలిచాడు, ఫోటో తీశాడు, ఎక్కి సెల్ఫ్ కొట్టాడు. ఒక్క దెబ్బకే అందుకుంది.

"అరగంట ఆగాలె గదా?" అన్నాను.

"కొలవకుంటె అరగంట పడ్తాంది సేటు. మూత తీసి కొలిస్తె ఎంటనే లేస్తాంది. ఫోటోలు పెట్టుడు షురువైనంక సమజైంది."

"మరి చెప్పవేంది?"

"మొన్ననే చెప్పబోయిన. మీరు ఫోన్ పెట్టేసిన్రు."

నిజమే, పెట్టేశాను. మళ్లీ ఆగినప్పుడు ఆయన, "ఈపాలి మీరే తీయుండ్రి" అన్నాడు. మూత మొరాయించింది. బలంగా తిప్పేసరికి సుయ్‌మని గాలి లోపలికి గుంజుకుంది, నా వేళ్లు పసుపుపచ్చగా అయ్యాయి. డీజిల్ ఖర్చవుతున్న కొద్దీ గాలి లోపలికి పోవడానికి ఆ మూతకు చిన్న బెజ్జం ఉంటుంది. రాలిపోకూడదని నూనె చుక్క వేసి మరీ కలిపి అమ్మ ఆ మూతకూ పెట్టే పసుపు, శుక్రవారం మీద శుక్రవారం పేరుకుని ఆ బెజ్జాన్ని పూడ్చేసింది. లారీ ఆగుతోందని తెలిశాక ఆమె ఇంకో పొర దట్టంగా పెట్టడం మొదలుపెట్టింది. గాలి పోకపోతే టాంకు డీజిల్‌ను వదలదు. సందుల్లోంచి సన్నగా గాలి చేరడానికి అరగంట పడుతుంది, మూత తీస్తే ఒక్కసారే పోతుంది.

ఆయన తుమ్మ ముల్లు విరుచుకొచ్చి బెజ్జం శుభ్రం చేశాడు. పోయేటప్పుడు గాని, వచ్చేటప్పుడు గాని లారీ మళ్లీ ఆగలేదు.

అమ్మ వాకిట్లోనే ఎదురుచూస్తోంది. "బండికి ఏం రోగమట బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "దుమ్ము జొచ్చింది అమ్మా, గంతే. మీరు పెట్టిన బొట్టు సల్లగుండ, ఏ ఫికర్ లేకుండ పోయొచ్చినం."

అమ్మ సంబరపడిపోయి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నెల రోజులు నేను దొంగలా చూసిన మనిషి, నా తల్లిని ఒక్క నిమిషం కూడా చిన్నబోనివ్వలేదు. ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది.

చాయ్ తాగి చెప్పులేసుకుంటూ ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "రేపు కొత్తగ వచ్చెటోనికి గా మూత సంగతి చెప్పుండ్రి సేటు. అమ్మ బొట్టు పెట్టినంక, ఆమె సూడకుండ బెజ్జం సాఫ్ చేస్కోమనుండ్రి. తెల్వక ఆగమైతడు పాపం."

రావద్దన్న మాట నేను మరిచిపోయాను. ఆయన మరవలేదు. రెండు చేతులూ పట్టుకున్నాను. "తప్పైంది అన్నా. నువ్వే రావాలె" అన్నాను.

ఆయన చేతులు విడిపించుకోకుండానే అడిగాడు.

"పొద్దుగాల ఎన్ని గంటలకు లోడు?"