వాసన చూసే మేస్త్రి

మా వడ్రంగి మేస్త్రి ఏ చెక్కకైనా చిత్రిక పట్టగానే చిటికెడు పొట్టు తీసి వాసన చూసేవాడు. టేకైతే కళ్లు మూసుకునేవాడు, వేపైతే ముక్కు చిట్లించేవాడు. బ్రాడీపేటలో మేం పనిచేసిన ఫర్నిచర్ షాపులో నాది పాలిష్ పని.

ఒకరోజు దర్శి నుంచి మంచం కొనడానికొచ్చిన మిర్చి రైతు, "ఇది టేకేనా?" అని అడిగాడు.

"కాదండి, వేప," అన్నాడు మేస్త్రి.

ఆ రైతు ముందే మా ఓనరు మేస్త్రి ఉలిని రోడ్డు మీదకి విసిరేశాడు. "రంగేస్తే అన్నీ టేకేరా! పో బయటికి!"

మేస్త్రి రోడ్డు మీదకి దిగాడు. ఉలి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ వేప మంచానికి టేకు రంగు వేసింది నేనే. ఆ ఉలి చప్పుడు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

నాలుగేళ్లకి ఓనరు సొంత ఇల్లు మొదలుపెట్టాడు. తెల్లారితే ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం. కలప డిపో వాళ్లు టేకని ఇచ్చిన చెక్క మీద అనుమానమొచ్చి, ఇప్పుడు సత్తెనపల్లిలో పనిచేస్తున్న మేస్త్రినే పిలిపించాడు. మేస్త్రి చిత్రిక పట్టాడు, పొట్టు వాసన చూశాడు. ముక్కు చిట్లించడం నేను చూశాను.

"ఏం చెక్కండీ మేస్త్రి గారూ?" ఓనరు నోట 'గారు' వినడం అదే మొదటిసారి.

మేస్త్రి ఆ పొట్టు ఆయన అరచేతిలో పోశాడు. "రంగేయించండి సార్, అన్నీ టేకే."

ఓనరు నావైపు తిరిగాడు. అది ఏం చెక్కో నాకూ తెలుసు. చెప్పలేదు.