కాలరు పిన్ని యాంటెనా

వీధిలో అందరూ ఆమెను కాలరు పిన్ని అంటారు. కన్నకూతురు కూడా ఫోనులో ఆ పేరే రాసుకుంది. ఆమె కుట్టిన కాలరు అతికించినట్టుండదు, మెడతోపాటు పుట్టినట్టుంటుంది. ముప్పై ఏళ్లుగా అదే ముందుగది, అదే మిషను, మిషనుకు ఎదురుగా టీవీ. టీవీ ఆమెకు కాలక్షేపం కాదు, పని. నాలుగు గంటల సీరియల్లో కోడలు ఏ కాలరు వేసుకుంటే మర్నాడు వీధికంతా అదే కావాలి. కథలో ఎవరు ఎవరిని మోసం చేశారో పిన్నికి ఎప్పుడూ సరిగా తెలియదు. ఎవరి కుట్టు ఎక్కడ మలుపు తిరిగిందో మాత్రం తెలుసు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు కేబులు తీగ తెగింది. కేబులతను రేపు, ఎల్లుండి అంటూ నెల గడిపాడు. ఫోనులో చూద్దామంటే కాలరు నువ్వుగింజంత కనిపిస్తుంది. ఆ సీరియలు వచ్చేది ఉచిత ఛానల్లోనే కాబట్టి యాంటెనా ఉంటే చాలని ఎవరో చెబితే, పిన్ని దుకాణానికి వెళ్లింది.

దుకాణదారు మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. మేడ మీద కట్టే చేపముల్లు లాంటిది, టీవీ నెత్తిన రెండు కొమ్ములతో నిలబడేది, కిటికీకి అంటించే పల్చటి అట్ట. ప్రసారాల టవరు మీ ఇంటికి ఏ దిక్కున ఉంది, ఎంత దూరం, మధ్యలో మేడలున్నాయా అని అడిగాడు. కొలతలు తీసుకోవడమే గానీ ఇవ్వడం అలవాటులేని పిన్ని తడబడింది. చివరికి అట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అచ్చం తను కాగితంతో కోసుకునే నమూనాలా ఉంది. అదే తీసుకుంది. అంతకన్నా గట్టి కారణం ఆమెకు దొరకలేదు.

బొమ్మ బాగానే వచ్చింది. అయితే ఎదురుగా స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా కిటికీలోని అట్టకు టవరు మరుగై, బస్సు కదిలేదాకా బొమ్మ ఉన్నదున్నట్టు బిగుసుకుపోయేది. రెండు రోజులు పిన్ని బస్సులను తిట్టుకుంది. మూడోరోజు కోడలు సరిగ్గా ఇటు తిరిగి ఏదో అనబోతుండగా బస్సొచ్చి ఆగింది. కోడలు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మెడ దగ్గర కుట్లు లెక్కపెట్టుకోవచ్చు. పిన్ని టేపూ సుద్దా పట్టుకుని టీవీ దగ్గరికి పరుగెత్తింది. ఆ రోజు నుంచి బస్సులు ఆమెకు చుట్టాలయ్యాయి.

ఆదివారం కూతురూ అల్లుడూ వచ్చారు. అల్లుడు నీటి సరఫరా శాఖలో ఇంజనీరు, ఏది ఆగినా చూస్తూ ఊరుకోలేని మనిషి. బొమ్మ రెండుసార్లు బిగుసుకోగానే, "అత్తయ్యగారూ, ఇది యాంటెనా కాదు, అట్టముక్క" అన్నాడు. పిన్ని ఏదో చెప్పబోయేలోగా చేపముల్లు కొనుక్కొచ్చి, మధ్యాహ్నమంతా ఎండలో మేడ మీద నిలబడి బిగించాడు. అట్టను పీకి బీరువా మీద పడేశాడు. బొమ్మ ఎక్కడా తడబడకుండా నీళ్లలా సాగిపోయింది. అల్లుడు చెమట తుడుచుకుంటూ ఎలా ఉందని అడిగితే, బ్రహ్మాండంగా ఉందని చెప్పక తప్పలేదు.

సోమవారం ఆస్పత్రి పెద్ద నర్సు వచ్చింది. వచ్చే ఆదివారం తన పదవీ విరమణ సభ. ఈ వారం సీరియల్లో కోడలు వేసుకుంటున్న కాలరుతో పొడుగు గౌను కావాలంది. సభకు నర్సులంతా వస్తారు. కాలరు కుదిరితే వాళ్లందరూ పిన్ని గుమ్మం తొక్కుతారు. కుదరకపోతే పక్కవీధిలో కొత్త దర్జీ ఉన్నాడు. ఆ మాట నర్సు పైకి అనలేదు, కిటికీలోంచి అటు చూసిందంతే.

నాలుగింటికి కోడలు వచ్చింది, తిరిగింది, వెళ్లింది. ఒక్కచోట ఆగలేదు. బయట మూడు బస్సులు వచ్చిపోయినా లాభం లేకపోయింది. మంగళవారమూ అంతే. పిన్ని ఎడమవైపు చూసి, కుడివైపు ఊహించి కుట్టింది. బుధవారం నర్సు అద్దం ముందు మెడ అటూ ఇటూ తిప్పి, "ఇది సీరియల్లో అత్తగారి కాలరు పిన్నీ. నేనడిగింది కోడలిది" అంది. శనివారం దాకా గడువిచ్చింది.

అట్టను మళ్లీ తగిలించడం రెండు నిమిషాల పని. కానీ అల్లుడు ఎండలో మాడి బిగించినదాన్ని అత్తగారు తీసేసిందంటే ఏం మర్యాద? కూతురితో అంటే, నువ్వే చెప్పుకో, నేను కాపురం చేసుకోవాలి అంది. మింగలేక కక్కలేక చివరికి పిన్నే ఫోను చేసింది.

"బాబూ, బొమ్మ మరీ బాగా వస్తోంది."

"సంతోషం అత్తయ్యగారూ."

"అదే వచ్చిన చిక్కు."

పిన్ని సంగతంతా చెప్పింది. అల్లుడు అలుగుతాడనే అనుకుంది.

"ఎంతసేపు ఆగాలి?" అని అడిగాడు అల్లుడు, పైపులైను గురించి అడిగినట్టు.

గురువారం సెలవు పెట్టి వచ్చి అట్టను తన చేత్తోనే తగిలించాడు. నాలుగింటికి కోడలు వచ్చింది, బస్సు రాలేదు. అల్లుడు ఒక్క ఉదుటున లేచి, వంటింట్లోంచి పెద్ద ఇనప పెనం తెచ్చి, బస్సుకు బదులుగా కిటికీలోని అట్టకు అడ్డం పెట్టాడు. ఇప్పుడు కాదు, అత్తగారు వచ్చింది అంది పిన్ని. దించాడు. ఇప్పుడు అంది. ఎత్తాడు. కోడలు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, తుమ్మబోతున్నట్టు నిలిచిపోయింది. కాలరు మాత్రం రెండు వైపులా నిటారుగా ఉంది. పిన్ని తీరిగ్గా గీసుకుంది. అంత బరువు పెనం ఎత్తి పట్టుకుని కూడా, అయిందా అని అల్లుడు ఒక్కసారే అడిగాడు.

శనివారం పెద్ద నర్సు గౌను వేసుకుని అద్దం ముందు నిలబడింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఇటు తిరిగింది, అటు తిరిగింది, గడ్డం కాస్త ఎత్తింది. ఆస్పత్రికి వేళయిందంటూ గబగబా వెళ్లిపోయింది. ఏమీ తేలక పిన్ని బట్టలు మార్చుకునే మూలకు కట్టిన తెర పక్కకు లాగి చూస్తే, ఆవిడ వేసుకొచ్చిన బట్టలు కొక్కేనికే వేలాడుతున్నాయి.