గోడ మీద నూనె చేతులు

మొన్న మంగళవారం పొద్దున ఆరుంబావుకు మా తమ్ముడు మెడ పట్టేసిందంటూ వారాసిగూడ నుంచి తార్నాకలోని మా ఫ్లాటుకు వచ్చాడు. చేయి గుంజుతోందా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగి, రెండూ లేవన్నాకే గిన్నెలో నువ్వుల నూనె పోసి, బాల్కనీ కుండీలోని నాలుగు వావిలాకులు వేసి వెచ్చబెట్టాను. ఆకు ముడుచుకుని ఘాటు లేవగానే యూనివర్సిటీ క్యాంపస్‌లో చిన్నప్పుడు మేమున్న ఒంటిగది క్వార్టరు, అందులో చాప మీద బోర్లా పడుకున్న మా నాయన వీపు కళ్ల ముందుకొచ్చాయి.

నాయన హాస్టల్ మెస్‌లో వంట చేసేవాడు. ఇద్దరు పట్టాల్సిన అన్నం గంజును ఒక్కడే పొయ్యి మీంచి దించి, ఎండాకాలం ఉప్పు చారలు కట్టిన బనియనుతో, వానాకాలం నెత్తిన గోనెసంచితో, నడుము బిగుసుకుని, పిక్కలు రాయిలా గట్టిపడి ఇంటికొచ్చేవాడు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అమ్మ నూనె రాసి, మర్దన చేసి, కాళ్లు జారకుండా పాత ధోతిగుడ్డతో తుడిచాక నా వంతు వచ్చేది. అమ్మకు నూనె గిన్నె అందించిన చేతులే గోడకు ఆనించి, నాయన వీపు మీద మెల్లగా నడిచేదాన్ని. ‘బొక్క మీద కాదు బిడ్డా, పక్కకు’ అనేవాడు. ఎముక మీద కాకుండా, వెన్నుకు అటూ ఇటూ కండ మీదే అడుగులు వేయాలి. కాసేపటికి కండ మెత్తబడేది, గురక వినిపించేది. వారమంతా నేను ఆ గురక కోసమే ఎదురుచూసేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, బతుకమ్మ పండుగ ముందటి ఆదివారం, అమ్మ నన్ను కిందికి దింపింది. ‘బరువైనవే పిల్లా. వచ్చే వారం సంది చిన్నోడు తొక్కుతడు.’

తమ్ముడు, ఆరేళ్ల చిన్నోడు, గంతులేశాడు. నేను ఏడవలేదు, లెక్క వేసుకున్నాను. నేను తగ్గాలి, వాడు పెరగాలి. నా గుడ్డు వాడి కంచంలోకి పోయింది. సద్దుల బతుకమ్మ నాటి, బెల్లం కలిపి దంచిన నువ్వుల సత్తు, పల్లి సత్తు, నెయ్యి కారే మలీద ముద్దలూ వాడికే పెట్టాను. వాడు ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆకలికి మధ్యాహ్నం బడిలో తల తిరిగేది.

పండక్కి వస్తున్న అమ్మమ్మను తీసుకురావడానికి కాచిగూడ స్టేషన్‌కు వెళ్లినప్పుడు బరువు తూచే మిషన్ ఇచ్చిన టికెట్టు మీద ఇరవై నాలుగు కిలోలని ఉంది. నెల తర్వాత ఆమెను రైలెక్కించిన రోజు ఇరవై రెండున్నర.

‘నాయనా, తగ్గిన. ఇగ నేనే తొక్కుతా’ అని టికెట్టు చూపించాను.

నాయన దాన్ని చూసి, నన్ను చూసి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడ్డాడు. ‘నా చేతి కూడు తిని ఊరోళ్ల పోరగాండ్లు బలుస్తున్నరు. నా వీపు కోసం నువ్వు ఎండుతవా?’

ఆ ఆదివారం తనే గుడ్ల పులుసు వండి, నేను తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. చిన్నోడు నా కంచం వైపు చూస్తే ‘నీది అయిపోయింది, లే’ అన్నాడు. తర్వాత చాప మీద పడుకుని నా చేతులు తన భుజాల మీద పెట్టుకున్నాడు.

‘కాళ్లు బరువైతే ఏంది, చేతులు లేవా? పూరీ పిండి లెక్క పిసుకు. ముందుగాల్ల మెల్లగ.’

పిసికాను. వీపు మీద చిన్నోడు, భుజాల దగ్గర నేను. ఆ రోజు గురక తొందరగా వచ్చింది. తర్వాత అమ్మ తలనొప్పికి కణతలు, మెట్రిక్ పరీక్షలప్పుడు నిద్రపట్టని తమ్ముడి పాదాలు కూడా నా చేతుల్లోకే వచ్చాయి.

‘నీ గుడ్లు తినే గీ పొట్ట పెరిగిందక్కా, నువ్వే పిసుకాలె’ అంటూ తమ్ముడు మొన్న స్టూలు మీద కూర్చుని మెడ వంచాడు. నా బొటనవేళ్లకు ఇప్పుడు అంత బలం లేదు. అయినా కండ సడలింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునికాడు.

క్వార్టర్లు కూల్చి అక్కడ కొత్త హాస్టలు కట్టారు. పోయినవి ఇవి: నాయన, అమ్మ, ఆ చాప, ఆదివారం మూడు గంటల గురక, సున్నపు గోడ, దాని మీద రెండు ఎత్తుల్లో పడిన నూనె చేతుల మరకలు. పైవి నావి, కిందివి తమ్ముడివి.