తొట్టెల నాడు కొన్న టైర్ల జోడి

అమ్రాబాద్ మా ఊరికి తూర్పున ఉంటుంది. ఆ రోజు తెల్లవారుతూనే మేము జీపెక్కి పడమటికి బయలుదేరాం. దారిలో కాని దారిలో గద్వాల ఉంది, గద్వాలలో టైర్ల దుకాణం ఉంది, దుకాణం తెరిచేసరికి మొదటి బేరం తనదే కావాలని నాయిన పట్టు. మాది ఇటిక్యాల పక్క పల్లె. ముక్కుకు సూటిగా పోతే మధ్యాహ్నం అన్నానికి అమ్రాబాద్ పక్కనున్న అమ్మమ్మగారి ఊరు చేరొచ్చు. ముక్కుకు సూటిగా పోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

అమ్మ మాత్రం సూటిగానే ఉంది. జీపులో అన్నిటికంటే వెనక, తలుపు పక్కన, ఒళ్లో మూట పెట్టుకుని కూర్చుంది. మూటలో పసిపిల్లకు కుట్టించిన గౌను, వెండి మొలతాడు, నూనెరాసిన రెండు చిన్న గాజులు. మా మేనమామకు కూతురు పుట్టింది. ఆ సాయంత్రం దీపాలు పెట్టకముందే పిల్లను తొట్టెల్లో వేసి, చెవిలో పేరు చెప్పాలి. చెప్పాల్సింది మేనత్త. ఆ పిల్లకు మా అమ్మ తప్ప వేరే మేనత్త లేదు.

మామకు మొదట కొడుకు పుట్టినప్పుడూ ఇదే జీపులో ఇలాగే బయలుదేరాం. అమ్రాబాద్ దాటాక టైరు పగిలింది. మేము చేరేసరికి వంటపాత్రలు తోముతున్నారు. ముహూర్తం దాటిపోతోందని మా అత్త వాళ్ల చిన్నమ్మ ముందుకొచ్చి, పిల్లవాణ్ణి ఎత్తుకుని, తనకు తోచిన పేరు చెవిలో ఊదేసింది. ఆ పేరు పెట్టి పిలిస్తే వాడు ఇప్పటికీ పలకడు. వాడి తప్పు లేదు.

అందుకని ఈసారి అమ్మ నెల ముందే పేరు ఖాయం చేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. నేను అడిగితే, "చెప్తే మీ నాయిన మూడు దుకాండ్లల్ల అడిగొస్తడు" అంది.

అందులో అబద్ధం లేదు. టైర్ల మాట మొదలై అప్పటికి ఎన్నాళ్లో అయింది. మా జీపు టైర్ల మీద గీతలన్నీ అరిగిపోయి అరచేతిలా నున్నగా అయ్యాయి. నా అరచేతిలా కూడా కాదు, జాతకం చెప్పడానికి అందులో కనీసం గీతలున్నాయి. నాయిన ఏ టైర్లు మంచివని ఊరందరినీ అడిగాడు. బస్సు కండక్టరును, ఎరువుల దుకాణపాయనను, కంపౌండరును అడిగాడు. మంగలి తనంతట తానే చెప్పాడు. గొంతు మీద కత్తి ఉంది కనక నాయిన కాదనలేదు.

నాయిన బాధంతా ఎందుకంటే, అది మామూలు జీపు కాదు. సర్కారు వేలంలో పాడుకున్న ఫోర్ వీల్ జీపు. పెద్ద గేరు పక్కన ఇంకో చిన్న గేరు ఉంటుంది. అది వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి. ఇంటికొచ్చిన చుట్టాలకు నన్ను చూపించకముందు ఆ గేరును చూపించేవాడు. కానీ ఎన్నడూ వేయలేదు. అమ్మ పెళ్లి పట్టుచీర దాచుకున్నట్టు దాచుకున్నాడు. చీరనైనా అప్పుడప్పుడు ఎండకు వేసేవాళ్లం.

గద్వాల దుకాణంలో సేటు ఊదుకడ్డీ వెలిగిస్తుండగానే మేము దిగాం. నాయిన జీవితంలో ఎడ్లను కొన్నంత బాగా ఇంకేదీ కొనలేదు. కాబట్టి ఏది కొన్నా ఎడ్లను కొన్నట్టే కొంటాడు. మా ఇంటికి ఫ్రిజ్ తెచ్చిన నాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి వీపు మీద చరిచాడు. ఇక్కడా అంతే. టైర్ల వరస ముందు నిలబడి, తువ్వాల భుజం మార్చుకుని, ఒకదాన్ని బయటికి లాగించాడు.

"సేటూ, జర దొర్లియ్యి దీన్ని. నడక చూస్త."

"టైరుకు నడకేంది పటేలా?"

"నడ్వందాన్ని నేనేం చేస్కుంట?"

సేటుకు ఉదయం మొదటి బేరం పోగొట్టుకోవడం ఇష్టం లేదు. రోడ్డు మీద పెట్టి ఒక తోపు తోశాడు. టైరు బుద్ధిగా టీకొట్టు దాకా పోయింది. అక్కడ కాస్త ఊగి, ఒక సైకిలుకు ఆనుకుని పడుకుంది.

నాయిన పెదవి విరిచాడు. "పండుకునే రకం ఇది."

"నాయినా, ఎడ్లకు చూసినట్టు పండ్లు గూడ చూడు" అన్నాను.

"నువ్వు నోర్ముయ్" అన్నాడు గాని ఆ సలహా నచ్చినట్టుంది. ఇంకో టైరు గీతల్లో వేళ్లు పెట్టి లోతు చూశాడు.

జీపులోంచి అమ్మ గొంతు వచ్చింది. "మీ నాయినకు చెప్పు, పిల్ల తొట్టెలల ఉన్నది, సంతల లేదని."

అమ్మకు కోపం వస్తే నాయినతో నా ద్వారానే మాట్లాడుతుంది. నేను మా ఇంటి పోస్టాఫీసును. అన్ని పోస్టాఫీసుల్లాగే కొన్ని ఉత్తరాలు మారుస్తాను కూడా.

"నాయినా, చాయ్ తాగుతవా అని అడుగుతున్నది అమ్మ."

"వద్దని చెప్పు. వనపర్తిల తాగుదం. ఈడ సరుకు బాగలేదు."

అలా గద్వాల అయిపోయింది. జూరాల డ్యాము మీదుగా పోతుంటే గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి. నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. జనం బండ్లు ఆపి చూస్తున్నారు. అమ్మ మాత్రం సూర్యుడెక్కడున్నాడో చూసింది. మబ్బుల్లో ఆయనా కనబడలేదు. అమరచింతలో ఒకరి ఇంటి ముందు జీపు ఆగి ఉంటే నాయిన మాదాన్ని ఆపి, దిగి, దాని టైరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎవడో గాలి తీస్తున్నాడనుకుని ఆ జీపాయన ఎంగిలి చేత్తో బయటికి ఉరికొచ్చాడు. సంగతి తెలిశాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని టైరును చూశారు. ఆయన చెయ్యి పూర్తిగా ఎండిపోయేదాకా చూశారు.

"అడుగు మీ నాయినను" అంది అమ్మ, "పిల్ల పెద్దదై మనకెదురొస్తదా, మనమే పోతమా?"

వనపర్తిలో నాయిన ప్రేమలో పడ్డాడు.

దుకాణంలో ఓ మూల రెండు పెద్ద టైర్లు గోడకానుకుని ఉన్నాయి. ఒక్కో గీత మధ్యలో పిడికిలి పడుతుంది. అంచుల వెంట గడ్డల్లాగా రబ్బరు. మా జీపువాటికంటే బెత్తెడు ఎత్తు. నాయిన దొర్లించమని అడగనైనా లేదు. చెయ్యి వేసి నిమిరి, "అబ్బ! దుక్కి దున్నినట్టున్నయిరా" అన్నాడు.

దుకాణపాయన ఎత్తు చూసి, జీపు చూసి, "పడ్తయి గానీ, నాలుగు తీస్కోవాలె పటేలా" అన్నాడు.

"నాలుగేంది? జోడి చాలు."

"మీది ఫోర్ వీల్ బండి. నాలుగూ ఒక్క కొలత ఉండాలె. ముందర చిన్నయి, ఎన్క పెద్దయి ఉంటే, ఆ చిన్న గేరు ఎయ్యంగనే ముందర చక్రం ఒక తీరు, ఎన్క చక్రం ఒక తీరు తిరుగుతది. గుంజులాట అయితది."

నాయిన నావైపు తిరిగి నవ్వాడు. వ్యాపారుల మాయలన్నీ తెలిసినవాడి నవ్వది. "చూసినవా? రెండు అడిగితే నాలుగు అంటగడ్తుండు. ఎడ్లను ఎవడన్న జోడి కొంటడా, నాలుగు కొంటడా?"

"జోడే" అన్నాను. "కానీ బండికి ఒక్క జోడే కడ్తరు, దీనికి రెండు జోళ్లు గావాలె గద."

"మన ట్రాక్టరు చూడు. ముందర చిన్నయి, ఎన్క పెద్దయి. మంచిగ నడుస్తలేదా?"

దుకాణపాయన మళ్లీ కొలతల సంగతి మొదలుపెట్టబోయాడు. కానీ తీర్పు చెప్పే మనిషి జీపులో ఉంది. ఆమెకు టైర్లతో పని లేదు. "ఏదో ఒకటి ఎక్కియ్యమను. పొద్దు పోతున్నది" అంది. ఈ ఒక్క ఉత్తరాన్ని నేను మార్చకుండా చేరవేశాను.

జోడి వెనక ఎక్కింది. దుకాణపాయన నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. నాయిన వాటి మీదుగా ముందుకు పోనిచ్చాడు. వెనకవి పచ్చడయ్యాయి. ముందు చక్రాల కిందవి పక్కకు జారి కాలువలో పడ్డాయి. నేను చూశాను. చెప్పలేదు. నాయిన మొహం అంత సంతోషంగా ఉన్నప్పుడు నిమ్మకాయల సంగతి ఎత్తడం బాగుండదు.

జీపు వెనక భాగం లేచి, ముందుకు ముక్కు వంచింది. కూర్చున్న మనుషులందరం దేవుడికి దండం పెట్టబోతున్నట్టు ఒంగి పోతున్నాం. గడ్డల టైర్లు తారు మీద మిడతల దండులా మోత. నాగర్‌కర్నూల్‌లో అమ్మ పూలు కొంటానంటే ఆపాడు. ఆపింది పూలకొట్టు ముందు కాదు, ఇంకో టైర్ల దుకాణం ముందు. కొనడానికి కాదట, మెచ్చుకుంటారేమోనని. ఆ దుకాణపాయన బయటికొచ్చి, వెనక్కి పోయి చూసి, ముందుకొచ్చి చూసి, "మరి ముందరియి ఎప్పుడు మారుస్తరన్నా?" అన్నాడు.

నాయిన బండి కదిలించాక అన్నాడు, "వీండ్లంత ఒక్కటే సంఘం."

అచ్చంపేట దాటేసరికి వాన పట్టుకుంది. ఘాటెక్కి, అడవి దాటి, అమ్రాబాద్ చేరేసరికి మబ్బు కింద సాయంత్రం ముందే వచ్చేసింది. అక్కడినుంచి మామ ఊరికి సన్నని బాట. కొంత తారు, తర్వాత ఎర్రమట్టి. నడిస్తే దీపాలవేళ దాటిపోతుంది, జీపులో అయితే ఇట్టే చేరొచ్చు. అమ్మ మూట విప్పి, గౌను ఒకసారి చూసుకుని, మళ్లీ కట్టింది. పెదవులు కదులుతున్నాయి. పేరు మననం చేసుకుంటోంది.

అప్పుడు నాయిన బండి ఆపాడు.

"ఏమైంది?" అన్నాను.

"అత్తగారి ఊరికి రెండు చక్రాల మీద పోతమారా?" అని, తువ్వాలతో చిన్న గేరు తుడిచి, వేశాడు.

జీపు కదిలింది. మొదట చిన్న మూలుగు. తర్వాత ఒక గెంతు. మళ్లీ మూలుగు. ముందు చక్రాలు ఒక ఊరికి, వెనక చక్రాలు ఇంకో ఊరికి పోదామన్నట్టు బండి లోపల్లోపలే కొట్లాడుకుని, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. నాయిన చిన్న గేరు వెనక్కి తీయబోయాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. కాలు డ్యాష్‌బోర్డుకు తన్నిపెట్టి లాగాడు.

"గుంజులాట" అన్నాను. "వనపర్తాయన చెప్పింది ఇదే గావచ్చు."

"నీ యబ్బ" అన్నాడు. అంటే తనే. కంగారులో గమనించలేదు.

వెనకనుంచి ఉత్తరాలేవీ రాలేదు. అదే భయం. తిరిగి చూస్తే అమ్మ మూటను గుండెకు పట్టుకుని బాట వైపు చూస్తోంది. ఆ చివర ఎక్కడో మా అత్త వాళ్ల చిన్నమ్మ చీర కొంగు సవరించుకుంటూ ఉంటుందని మాకందరికీ తెలుసు. నాకు జోకు ఒకటి వచ్చింది. మింగేశాను. నా చరిత్రలో అరుదు.

నాయిన మెల్లగా ఇంజను పెట్టి, బండిని పక్కకు తీద్దామని రివర్స్ గేరు వేశాడు. జీపు వెనక్కి కదిలింది. మూలుగు లేదు. గెంతు లేదు. ముందుకు పోతూ పడిన మెలిక వెనక్కి పోతే విడిపోయిందేమో, మెత్తగా జరిగింది.

"ఆగు" అంది అమ్మ. "ఎన్కకు పోతే ఏడుస్తలేదు గద బండి?"

"లేదు."

"అయితే తిప్పి గట్లనే ఎన్కకే పోనియ్యి."

"ఎన్కకా? మీ ఊర్ల అందరు చూస్తుంటే?"

"పోయినసారి గూడ చూసిన్రు, టైరు నెత్తిన పెట్టుకొని నడిచొచ్చినం. పోనియ్యి అంటున్న."

పొలం గట్టు పక్కన ముందుకూ వెనక్కూ మూలిగించి, ఎలాగో బండి తిప్పాడు. అమ్మ వెనక తలుపు తీసి, కమ్మీ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. జీపు వెనక్కి బయలుదేరింది.

"జర ఎడమకు. ఇంకా ఎడమకు. అయ్యో, నీ ఎడమ గాదయ్యా, నా ఎడమ!"

"నీ ఎడమ ఏదో నాకేం తెల్వాలె?"

"ఇన్నేండ్ల సంది తెల్వదా? గుంతుంది, మెల్లగ. ఆ, ఇప్పుడు గట్టిగ తొక్కు!"

పొద్దున్నుంచీ వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం అదే మొదలు. పోస్టాఫీసు మూతపడింది. మట్టిబాట మొదలయ్యాక చక్రాలకు దేనికది జారే వీలు దొరికి, బండి ఇంకా కుదుటపడింది. ఇప్పుడు ముందుకు తిప్పుకున్నా నడుస్తుందేమో. కానీ ఆ వేగంలో, ఆ జోరులో, ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు. పెద్ద టైర్లు ముందుండి బురద చీలుస్తున్నాయి. నాయిన మెడ తిప్పి వెనక్కి చూస్తూ, "చూసినవా జోడి పవరు!" అని అరుస్తున్నాడు.

అలా ఊళ్లోకి ముందు మా అమ్మ ప్రవేశించింది, తర్వాత టైర్లు, అన్నిటికంటే చివర, వీపు చూపిస్తూ, నాయిన.

పందిరి కింద ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు. దీపం కుందిలో నూనె పోసి ఉంది, ఒత్తి ఇంకా వెలగలేదు. మా అత్త వాళ్ల చిన్నమ్మ చేతుల్లో పిల్ల ఉంది.

"ఏంది బిడ్డా, గిట్లొచ్చిన్రు?" అంది ఆమె.

"గిట్లనే ఒచ్చినం" అంది అమ్మ. కాళ్ల నిండా బురదతోనే దిగి, చేతులు కొంగుకు తుడుచుకుని, "పిల్లనియ్యి ఇటు" అంది.

ఆమె ఇచ్చింది. ఇవ్వక తప్పే గొంతు కాదది. అమ్మ పిల్లను తొట్టెల్లో పడుకోబెట్టి, వంగి, చెవిలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. పేరుతోపాటు దారిలో జరిగిందంతా చెప్పిందని నా అనుమానం. ఆ పేరు ఇక్కడ రాయను. పిలిస్తే పలుకుతుంది, అది చాలు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో, చిన్న గేరు రాత్రికి రాత్రే దానంతటదే వదులైతే, మామూలుగా ముందుకే పోయాం. వనపర్తి దుకాణం రాగానే అమ్మ ఆపమంది. దిగనైనా దిగలేదు.

"అన్నా, ఇంకో జోడి ఎక్కియ్యి" అంది.

నాయిన తువ్వాల భుజం మార్చుకున్నాడు. "జర దొర్లియ్యనియ్యి, నడక చూసి..."

"నడక నేను చూసిన" అంది అమ్మ.