ఏరమంటే ఏరింది

బస్సు డిపో వెనక పాత పార్కింగ్ భవనం పైకప్పు మీద కూరగాయల తోట ఉంది; మేం కూరలు కొనేది అక్కడే. అక్కడ నారు పెంచే ఆవిడను అందరూ నారు పెద్దమ్మ అంటారు. ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన హైస్కూలు పిల్లలు మొదట్లో ఆంటీ అన్నారు. "ఆంటీ ఏంటర్రా, మీ పక్క ఫ్లాటులో ఉంటున్నానా?" అని నవ్వించి ఆ పిలుపు మాన్పించింది.

ఆవిడ అంతకుముందు చాలా ఏళ్లు కుట్టుపని చేసింది. చూపు మందగించి సూదిలో దారం ఎక్కక ఇటు వచ్చింది. ఇప్పుడు లేత మొలకలూ మసకే. వాటిని పట్టి తీసే పనంతా పిల్లలదే. వాళ్లు రావడం ఆగిపోతే తనూ ఇంటికి పోవాల్సిందే. ఈ సంగతి మేనేజరుకు తెలియదు. కుర్రాడు, చురుకైనవాడు. పిల్లలు చేసేదానికన్నా చెడగొట్టేదే ఎక్కువని, వాళ్లను మాన్పించేస్తానని అప్పటికే అంటున్నాడు.

ఆ వేళ టమాటా నారు పలచన చేయాలి. ట్రేలో గుంటకు రెండు మూడు మొలకలున్నాయి. ఒకటి ఉంచి మిగతావి పీకెయ్యాలి. "బలంగా ఉన్నవి ఏరమ్మా" అని ఆ పిల్లల్లో కళ్లజోడు పెట్టుకునే పిల్లకు చెప్పి, పెద్దమ్మ నీళ్ల పైపు సర్దడానికి వెళ్లింది. ఆవిడకు ఏరడమంటే గుండీల డబ్బాలోంచి మంచివి తీసి పెట్టుకోవడం. ఆ పిల్లకేమో బియ్యంలో రాళ్లు తీసి పారెయ్యడం.

మేనేజరు వచ్చేసరికి ట్రేలలో పీలవి నిలబడి ఉన్నాయి, గట్టివన్నీ చెత్త బకెట్‌లో ఉన్నాయి. ఇక చాలు, రేపటి నుంచి పిల్లలు అక్కర్లేదు అన్నాడు. పిల్ల తల ఎత్తలేదు. పెద్దమ్మ ట్రే మీద వేళ్లు ఆనించింది. కాడలు దారాల్లా తగిలాయి.

"పిల్లనేం అనకు బాబూ. ఏరమన్నది నేనే."

"పక్కనుండి చూసుకోవద్దా మీరు?"

"చూసినా నాకు కనపడదు."

అతను వంగి బకెట్‌లోకి చూశాడు. పిల్ల అందులో చెయ్యి పెట్టి, మొలకల వేళ్లు ఇంకా తడిగానే ఉన్నాయంది. ముగ్గురూ నీడలో కూర్చుని వాటిని కాడ సగం దాకా మట్టిలోకి దించి నాటారు. సాయంత్రానికి అన్నీ వాలిపోయాయి. మర్నాడు చాలావరకు తల ఎత్తాయి, కొన్ని ఎత్తలేదు.

పిల్లలు రావచ్చని, పెద్దమ్మ పక్కన ఎప్పుడూ ఒకరుండాలని మేనేజరు చెప్పాడు. మరో షరతు కూడా పెట్టాడు: 'ఏరడం' అన్న మాట తోటలో వినపడకూడదు.

మొన్న, ఆ మొక్కలు కాపుకొచ్చాక, మా చంటిదాన్ని ఎత్తుకుని, అది మట్టి నోట్లో పెట్టుకోకుండా దాని రెండు చేతులూ పట్టుకుని, టమాటాలకు వెళ్లాను. పెద్దమ్మ కళ్లజోడు పిల్లతో, "పాపకు మంచివి ఏ..." అని ఆగి, మేనేజరు వైపు చూసింది.

"మంచివి చూసి సంచీలో వెయ్యి" అంది.