ఉతికిన లైఫ్ జాకెట్

కోయిలకుంట్ల అవతలి రిజర్వాయర్‌లో దాదా ఖలందర్ తొమ్మిదేళ్లుగా షికారు పడవ నడుపుతున్నాడు. కరోనా వచ్చిన ఏడాది పడవలు ఆపేస్తే, ఏడు నెలలు తోపుడు బండి మీద టమాటాలు అమ్మాడు. మళ్లీ నడుపుకోవచ్చన్న కబురు నవంబరులో వచ్చింది, షరతులతో. పదిమంది పట్టే పడవలో ఐదుగురే ఎక్కాలి. ఒక ఇంటివాళ్లకూ ఇంకో ఇంటివాళ్లకూ మధ్య వరుస ఖాళీగా ఉండాలి. ఒకరు తొడుక్కున్న లైఫ్ జాకెట్ ఉతకకుండా మరొకరికి ఇవ్వకూడదు.

ఆ చివరిదే అతనికి తలనొప్పి అయింది. అంతకుముందు జాకెట్లు చెమట కంపు కొట్టేవి. జనం ఊరికే మెడలో తగిలించుకునేవారు. తాళ్లు బిగించుకోమని అతనూ గట్టిగా చెప్పేవాడు కాదు. ఉతికే పని భార్య మహబూబ్ బీ తీసుకుంది. గట్టు మీద రెండు డ్రమ్ముల్లో సబ్బునీళ్లు కలిపి, ఉతికినవన్నీ తీగ మీద ఆరేసేది.

రెండో ఆదివారం డోన్ నుంచి రంగస్వామి, అతని భార్య హులిగెమ్మ, కూతురు శ్రావణి వచ్చారు. హులిగెమ్మ జాకెట్ ముట్టనంది. ఎవరు తొడుక్కున్నదో, వాళ్లకు ఏ జబ్బుందో అని ఆమె భయం. మహబూబ్ బీ దూరంగానే నిలబడింది.

“పొద్దున ఉతికి ఎండకేసినా అక్కా. నా బిడ్డల గుడ్డలు ఎట్లుతుకుతానో అట్లే ఉతికినా. ఏసుకో.”

హులిగెమ్మ కాసేపు తటపటాయించి తొడుక్కుంది. తాళ్లు కూడా బిగించుకుంది.

పడవ నడిమధ్యకు పోయేసరికి గాలి లేచింది. మాస్కు చెవి నుంచి జారి ఎగిరితే, అందుకోబోయి హులిగెమ్మ నీళ్లలో పడిపోయింది. ఆమెకు ఈత రాదు. ఖలందర్ ఇంజను ఆపి చూసేలోగా ఒకసారి మునిగి, జాకెట్ లేపడంతో తల పైకి తేలింది. అతను తెడ్డు చాచాడు.

“మునగవులేమ్మా. ఇది పట్టుకో.”

పట్టుకుంది. ఎడం పాటించాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అతనూ రంగస్వామీ చెరో చెయ్యి పట్టి లోపలికి లాగారు. ఆమె తాగిన నీళ్లన్నీ దగ్గుతూ ఖలందర్ ముఖం మీదే కక్కింది.

జబ్బు అంటుకుందేమోనన్న దిగులు గట్టెక్కాక మొదలైంది. ఖలందర్ పడవ మరొకరికి అప్పగించి, పది రోజులు వసారాలో ఒంటరిగా ఉన్నాడు. మహబూబ్ బీ పళ్లెం గడప దగ్గర పెట్టి పోయేది. పదకొండో రోజు రంగస్వామి ఫోన్ చేశాడు.

“మేమంతా బాగుండామప్పా. నీకేమన్నా జరమొచ్చిందేమోనని మేం శానా భయపడినాం.”

తనకూ ఏమీ లేదని ఖలందర్ చెప్పాడు. ఫోన్ భార్యకిచ్చి, ఇంట్లోకి వచ్చి పిల్లల మధ్య కూర్చున్నాడు. ఆడవాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.